క్రైస్తవ విశ్వాస సారము : భిన్నదృష్టులు

ఒక మతమునకు సారమేదో, సారము కానిదేదో వేరుపరచి చెప్పుట ఆ మతమునందు పుట్టి పెరిగినవారికే సులభము గాదు. అట్లయ్యును తెలుగు వాఙ్మయమును బోధించువారికి ఈ ప్రశ్న తప్పించుకొనరానిదై యున్నది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనములను, జాషువ మహాకవి క్రీస్తు చరిత్రమును ఒకే సంవత్సరమున పాఠము చెప్పవలసి వచ్చిన అధ్యాపకునకు ఆ చిక్కు అనుభవమునకు వచ్చియే యుండును. చౌదరిగారి కీర్తనములకు పాపియైన భక్తుని ఆర్తియు, వానికై ప్రాణమర్పించిన రక్షకుని కృపయు జీవము. 1964లో సాహిత్య అకాడమీ బహుమానమునందిన జాషువగారి కావ్యమున దీనజన పక్షపాతియైన కరుణామూర్తి ప్రధానముగా కానవచ్చును. వీనిలో క్రైస్తవమనదగినది ఏది యని విద్యార్థి యడిగినచో "రెండును" అని చెప్పుట అబద్ధము గాదు. కాని అది సమాధానమును గాదు. ఏ కారణముచేత రెండును? ఒకదానిని మూలమనియు, రెండవదానిని శాఖయనియు చెప్పవచ్చునా? ఈ విషయమై పాశ్చాత్య వేదాంతులును, భారతీయ చింతకులును చేసిన వాదోపవాదములను మేమిచట కొంత పరామర్శింపదలచితిమి. మతనిర్ణయము చేయుట మా యుద్దేశము గాదు. వాదముల స్వరూపము తెలిసినగాని ఆ గ్రంథములను చక్కగా చదువుట సాధ్యపడదని మాత్రము మా నమ్మకము.

ముందుగా పదమును గూర్చి ఒక మాట. ఈ చర్చకు మూలమైన జర్మను పదము "వేజెన్". దానికి స్వభావము, సత్త, తత్త్వము అను అర్థములు కలవు. తెలుగున దానిని "సారము" అని చెప్పుట పరిపాటి. కాని సారమనగనే మనకు చెరకు గానుగ స్ఫురించును. రసము దిగును, పిప్పి మిగులును, పిప్పిని పారవేయుదుము. చేవ యను నర్థమున గ్రహించినను పైబెరడు చెక్కివేయుట తప్పదు. "తత్త్వము" అన్నచో అట్టి విభాగము తోపదు. తత్త్వమనగా అది అదియై యుండుట. వేరు, కొమ్మ, ఆకు అన్నియు గూడి చెట్టు చెట్టగుట. అనువాదకుడు ఏ పదమును గ్రహించునో, తెలిసియో తెలియకయో వాదమున ఆ పక్షమున చేరిపోవును. వాడుకను బట్టి మేమును సారమనియే వ్రాయుచున్నాము గాని పాఠకులీ భేదమును మనసున నుంచుకొనవలెను.

"క్రైస్తవమత సారము" అను పేరుతో 1841లోనే లుడ్విగ్ ఫాయర్‌బాఖ్ ఒక గ్రంథము వ్రాసెను. మానవుడు తన స్వభావమునే మహత్తరముగా ఊహించుకొని దానికి దేవుడని పేరిడెనని ఆయన వాదము. విశ్వాసులు దానిని బయటి శత్రువు మాటగా త్రోసివేసిరి. అదే పేరుతో లోపలి వాడొకడు మాటలాడినపుడు కలవరము హెచ్చయ్యెను. బెర్లిను విశ్వవిద్యాలయమున మతచరిత్రాచార్యుడైన అడాల్ఫ్ హార్నాక్ 1899–1900 శీతకాలమున అన్ని శాఖల విద్యార్థులకును పదునారు ఉపన్యాసములిచ్చెను. వచ్చినవారు సుమారు ఆరువందలు. ఒక విద్యార్థి సంక్షిప్తలిపిలో వ్రాసికొన్న ప్రతి ఆధారముగా 1900లో ఆ యుపన్యాసములు గ్రంథరూపము దాల్చినవి. హార్నాక్ మాటలో ప్రధానమైన ఉపమానము గింజయు పొట్టును. యేసు బోధలో గింజ మూడు విషయములు: దైవరాజ్యమును దాని రాకయు, దేవుని పితృత్వమును మానవాత్మకు గల అనంతమైన విలువయు, ప్రేమరూపమైన ఉత్తమధర్మము. తక్కినదంతయు కాలవశమున చేరిన పొట్టు. యేసు ప్రకటించిన సువార్తలో స్థానము తండ్రికేగాని కుమారునికి గాదని చెప్పునంతవరకు ఆయన సాహసించెను. త్రిత్వము, క్రీస్తు ద్విస్వభావములు మున్నగు సిద్ధాంతములు సువార్త అను నేలపై గ్రీకు మేధ చేసిన వ్యవసాయమని ఆయన యభిప్రాయము.

ఈ పద్ధతి బెర్లినులో పుట్టినదని పెక్కురు తలతురు. అది సరికాదు. అంతకు ఎనుబది యేండ్లకు ముందు, 1820లో, రామమోహన రాయలు కలకత్తాలో యేసు నీతిబోధలను సువార్తలనుండి యేర్చి కూర్చి ప్రకటించెను. అద్భుతకృత్యములను, సిద్ధాంతసంబంధమైన భాగములను చాలవరకు విడిచెను. సుఖశాంతులకు ఆ బోధలే చాలునని ఆయన తాత్పర్యము. శ్రీరామపురపు మిషనరీయైన జాషువా మార్ష్‌మన్ దీనిని తీవ్రముగా ఖండించెను. క్రీస్తు దైవత్వమును, ప్రాయశ్చిత్తమును తీసివేసినపిమ్మట మిగులునది క్రైస్తవము గాదని ఆయన పక్షము. రాయలు వరుసగా మూడు ప్రత్యుత్తరములు వ్రాసెను. మొదటివానిని అచ్చువేసిన బాప్తిస్టు ముద్రణాలయము మూడవదానిని వేయనిరాకరింపగా, 1823లో ఆయన వేరొక ముద్రణాలయమున దానిని ముద్రించుకొనవలసి వచ్చెను. యూరపు ఖండమున నూరేండ్లు సాగిన వాదమున రెండు పక్షముల యుక్తులును బీజరూపమున ఈ కలకత్తా వాదముననే కలవు.

భాషాధ్యయనపరులకు ఆసక్తి గొలుపు ఉదంత మొకటి ఆ సందర్భముననే జరిగినది. రాయలు, యేట్స్, విలియం ఆడమ్ అను మిషనరీలతో కలిసి సువార్తలను వంగభాషలోనికి మార్చుచుండెను. యోహాను సువార్త మొదటి అధ్యాయము మూడవ వచనమున "దియా" అను గ్రీకు అవ్యయమును ఎట్లు చెప్పవలెనని వివాదము పొడమెను. సృష్టి వాక్యము "చేత" జరిగెనా, వాక్యము "ద్వారా" జరిగెనా? మొదటిదైనచో వాక్యము స్వతంత్రకర్త, రెండవదైనచో కరణము. యేట్స్ పని విడిచిపోయెను. ఆడమ్ రాయల పక్షమున చేరి 1821లో ఏకదేవతావాది యయ్యెను. రెండవమారు పతితుడైన ఆదామని సాటివారాయనను పరిహసించిరట! మన తెలుగు బైబిలులో ఈ తావున "మూలముగా" అను పదము కలదు. అది కర్తకును, కరణమునకును నడుమ నిలిచినది. ఆ పదమును ఎన్నుకొన్నవారు వివాదమును తప్పించుకొనదలచిరో, లేక గ్రీకునందలి అస్పష్టతను అట్లే నిలుపదలచిరో విచారింపదగినది. ఒక్క ప్రత్యయము సారనిర్ణయమున ఎంత దూరము పోవునో చూపుటకు దీనికంటె మంచి యుదాహరణము మాకు కానరాలేదు.

హార్నాకునకు వచ్చిన ప్రత్యుత్తరములలో ఫ్రాన్సు దేశీయుడును, కతోలిక గురువునైన ఆల్ఫ్రెడ్ లువాజీ 1902లో వ్రాసినది మేటి. చెట్టు తత్త్వమును విత్తనమున మాత్రమే వెదకుట యేల యని ఆయన ప్రశ్న. విత్తనమునకు తత్త్వము మొలకెత్తుటయే. యేసు రాజ్యమును ప్రకటించెను, వచ్చినదో సంఘము. అయినను ఆ సంఘము లేకున్నచో సువార్త మనదాక వచ్చెడిదే కాదు. ఈ మాటను ఎత్తిపొడుపుగా గ్రహించినవారే హెచ్చు. లువాజీ ఉద్దేశము సంఘసమర్థనము. విచిత్రమేమనగా, సంఘమును సమర్థించిన ఈ పండితుని గ్రంథములను ఆ సంఘమే 1903లో నిషేధించెను. 1908లో ఆయననే వెలివేసెను. సిద్ధాంతములు పెరుగునని యొప్పుకొన్నచో మారునని యొప్పుకొన్నట్లే యగునని రోమా అధికారులు భయపడిరి.

ఇంతలో హార్నాకు పద్ధతికే మూలమున దెబ్బ తగిలినది. దైవరాజ్యమనగా హృదయమునందలి నీతిరాజ్యము గాదు, యుగాంతమున ఆకస్మికముగా దేవుడు తెచ్చునది యని యొహానెస్ వైస్ 1892లోనే చూపియుండెను. 1906లో ఆల్బర్ట్ ష్వైట్జర్ ఆ మాటను స్థిరపరచెను. అనగా హార్నాకు పొట్టని పారవేసినదియే యేసునకు గింజ కావచ్చును! లోతైన బావిలోనికి తొంగిచూచి తన ముఖమునే చూచికొన్నాడని జార్జ్ టిరెల్ హార్నాకును గూర్చి చేసిన విమర్శ ప్రసిద్ధమైనది. 1903లో ఎర్న్‌స్ట్ ట్రోల్చ్ ఈ వాదమంతటికిని ఒక మెట్టు పైకెక్కి, సారమును నిర్ణయించుట యనగా సారమును కొంత నిర్మించుటయే యని చెప్పెను. నిర్ణయించువాడు చరిత్రను చదువువాడు మాత్రమే కాడు. ఇకమీదట ఆ మతము ఎట్లుండవలెనో కోరువాడు కూడ. మా దృష్టిలో ఈ చర్చయందు వెలువడిన వాక్యములన్నిటిలో ఇది మిక్కిలి ఉపకారకమైనది. దీనిని గ్రహించినచో ప్రతి సారవాదిని "నీవేమి కోరుచున్నావు?" అని అడుగవలెనని తెలియును.

ఆ ప్రశ్న ఎంత గట్టిదో 1914లో బయటపడెను. యుద్ధారంభమున జర్మనీ ప్రభుత్వమును సమర్థించుచు తొంబదిముగ్గురు విద్వాంసులు చేసిన ప్రకటనలో హార్నాకు సంతకము కలదు. స్విట్జర్లాండున సాఫెన్‌విల్ గ్రామమున బోధకుడుగా నున్న ఆయన పూర్వశిష్యుడు కార్ల్ బార్ట్ ఆ పేరును చూచి నిర్విణ్ణుడయ్యెను. ప్రేమయే సారమన్న గురువు యుద్ధమునకు సంతకము చేయగలిగినచో ఆ సారమునందే లోపమున్నదని ఆయన తలచెను. రోమీయులకు వ్రాసిన పత్రికపై ఆయన వ్యాఖ్యానము 1919లోను, పూర్తిగా తిరుగవ్రాయబడి 1922లోను వెలువడినది. దేవుడు దేవుడే, మానవుడు మానవుడే. మతమును గూడ మానవుని ప్రయత్నమే. వాక్యము పైనుండి వచ్చి దానికిని తీర్పు తీర్చును. 1923లో గురుశిష్యులు ఒక పత్రికలో బహిరంగముగా వాదించుకొనిరి. హార్నాక్ పదునైదు ప్రశ్నలు వేసెను. బార్ట్ సమాధానములను చదివినపుడు ఇద్దరును ఒకే మతమును గూర్చి మాటలాడుచున్నారా యని సంశయము కలుగును.

ఇది పండితుల పోరని కొట్టివేయుటకు వీలులేదు. 1933లో నాజీపక్షపు క్రైస్తవులు పాతనిబంధనను యూదుల పొట్టుగా ఎంచి విసర్జింపవలెనని బెర్లినులో బహిరంగసభలో కోరిరి. హార్నాక్ 1930లోనే మరణించెను. ఆయన ఆ దుష్టబుద్ధి గలవాడు గాడు. అయినను మార్కియను మీద 1920 ప్రాంతమున తాను వ్రాసిన గ్రంథములో పాతనిబంధనకు ప్రామాణ్యము నిలుపుట ఇకమీదట తగదని ఆయనయే వ్రాసియుండెను. పొట్టును ఏరుట యను పని ఒక పండితుని చేతిలో విమర్శ. మరియొకరి చేతిలో అది ఒక జాతిని వెలివేయుటకు సాధనము. 1934 మే నెలలో బార్మెను నగరమున కూడిన ప్రతిపక్షసంఘము, క్రీస్తు తప్ప దైవవాక్యమునకు వేరు ఆధారము లేదని ప్రకటించెను. ఆ ప్రకటన రచనలో బార్ట్ ముఖ్యుడు. అట్లని దానియందు లోపము లేదనరాదు. యూదుల హింసను గూర్చి అందొక్క మాటయు లేదు.

హార్నాకు శిష్యులలోనే చిన్నవాడు డీట్రిక్ బోన్‌హోఫర్. 1934లో గాంధీమహాత్ముని ఆహ్వానము నంది మనదేశమునకు రావలెననుకొనియు రాలేకపోయెను. 1944లో బెర్లినులోని టేగెల్ చెరసాలనుండి మిత్రునకు వ్రాసిన లేఖలలో ఆయన ప్రశ్నను మార్చివేసెను. సారమేమి యని గాక, నేడు మనకు క్రీస్తు ఎవడు అని. మతమను ఉడుపులేని విశ్వాసమును గూర్చి ఆయన కొన్ని సూచనలు చేసెను. అవి సూచనలుగనే నిలిచినవి. 1945 ఏప్రిల్ 9న ఆయన నురిదీసిరి. ఆ కాలముననే (1941) రుడాల్ఫ్ బుల్ట్‌మన్, నూతన నిబంధన పురాణభాషలో వ్రాయబడినదనియు, ఆ భాషను పారవేయక దానికి అర్థము చెప్పవలెననియు ప్రతిపాదించెను. హార్నాకు పొట్టును ఊడ్చెను, బుల్ట్‌మన్ దానికి వ్యాఖ్యానము వ్రాసెను. పురాణములను అర్థవాదములుగా గ్రహించుట నేర్చిన మనకు ఇది క్రొత్తగా తోపదు గాని, 1963లో జాన్ రాబిన్‌సన్ అను ఆంగ్ల బిషప్పు ఈ భావములను సామాన్యుల భాషలో ప్రకటించినపుడు ఇంగ్లండున గొప్ప అలజడి రేగెను.

అమెరికాలో దీనికి ప్రతిగా వేరొక సారవాదము బలపడినది. 1910లో ప్రెస్బిటేరియను మహాసభ ఐదు మూలాంశములను నిర్ణయించెను: లేఖనముల నిర్దోషత్వము, కన్యాజననము, క్రీస్తు మనకు మారుగా చేసిన ప్రాయశ్చిత్తము, శరీరముతో పునరుత్థానము, అద్భుతముల సత్యత. 1923లో గ్రెషమ్ మేచెన్ అను పండితుడు, వీనిని విడిచిన ఉదారవాదము క్రైస్తవమున ఒక భేదము గాదు, వేరు మతమే యని వాదించెను. మౌలికవాదులు ఆధునికులకు పూర్తిగా విరుద్ధులని మనము తలతుము. కాని సారమును పట్టికగా వ్రాయవచ్చునను నమ్మకమున వారు హార్నాకునకు జ్ఞాతులే. ఆయన పట్టికలో మూడు, వీరి పట్టికలో ఐదు.

పట్టికల మార్గమును విడిచినవారును కలరు. ప్రాచ్యసంఘములకు విశ్వాసము సిద్ధాంతముల మూట గాదు. ఆరాధనమున మానవుడు దైవస్వభావమున భాగస్వామి యగుట. 1906లో లాస్ ఏంజెల్సు నగరమున, బానిసత్వమునుండి విడుదలపొందిన తలిదండ్రులకు పుట్టిన విలియం సీమోర్ నడపిన కూటములనుండి వ్యాపించిన పెంతెకొస్తు ఉద్యమమునకు సారము పరిశుద్ధాత్మానుభవము. 1971లో పెరూ దేశీయుడు గుస్తావో గుటియెర్రెజ్ వ్రాసిన విమోచన వేదాంతమునకు పేదల పక్షమున చేయు ఆచరణమే మొదటిది, వేదాంతము రెండవది. రెండవ వాటికను మహాసభ 1964లో, సత్యములన్నియు విశ్వసనీయములే యైనను మూలసత్యముతో గల సంబంధమును బట్టి వానిలో తరతమములు కలవని యొప్పుకొనెను. ఇది మాకు చాల తెలివైన మార్గముగా తోచుచున్నది. దేనిని పొట్టనక, అన్నిటిని గింజ యనక పోవుట. ఆ మార్గముననే 1999 అక్టోబరు 31న అగ్స్‌బర్గున లూథరను సమాఖ్యయు, రోమా సంఘమును, మానవుడు కృపచేతనే నీతిమంతుడుగా తీర్చబడుననుటలో మూలాంశములయందు ఏకీభవించితిమని సంతకములు చేసినవి. సుమారు 480 ఏండ్ల వైరమునకు కారణమైన వాక్యమది.

ఇక మన దేశము. 1938 డిసెంబరులో మద్రాసుకడ తాంబరమున జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభకై డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఒక గ్రంథము సమకూర్చెను. బార్ట్ ఛాయలో, సువార్తకును మానవ మతములకును అవిచ్ఛిన్నసంబంధము లేదని అందలి వాదము. దానికి మద్రాసు క్రైస్తవ చింతకుల ప్రత్యుత్తరము ఆ యేడే వెలువడెను. వారిలో పండిపెద్ది చెంచయ్య (1886–1959) మన నెల్లూరివాడు. పుదుక్కోట సంస్థానమున ప్రధాన న్యాయాధిపతిగా నుండెను. ఆయనకు సారము నీతియు గాదు, సిద్ధాంతమును గాదు, సంఘమును గాదు. క్రీస్తు సృష్టిలో ఒక నూతనసృష్టి. ఆత్మ యొక నూతనశక్తి. ఆ శక్తితో మానవుడు మారుట. దీనిని ఆయన ఆత్మయోగమని పిలిచెను. అరవిందుని భావములతో దీనికి గల పోలిక స్పష్టము. హార్నాకు, బార్టు ఇద్దరును ఒప్పనిది చెప్పిన ఈ తెలుగువాని రచనలు తెలుగున ఎవరికిని అందకపోవుట మనకు గౌరవము గాదు. మన శాఖలలో పరిశోధనకు విషయము దొరకలేదనువారికి ఇది చాలును. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావుగారు (మరణము 1981) ఇంకను ముందుకు పోయి, క్రీస్తును గురువుగా కొలుచుచునే బాప్తిస్మమును, సంఘమును నిరాకరించిరి. తమ భావములను తెలుగు పాటలుగా కట్టిరి.

అయితే చెంచయ్యగారికంటె ముందే వేలకొలది తెలుగువారు, పుస్తకములు వ్రాయకయే, తమ నిర్ణయమును చెప్పియుండిరి. ఒంగోలున జాన్ క్లౌ దొర 1866 మొదలు పనిచేసెను. ఆయనకు మార్గము చూపినవాడు యెర్రగుంట్ల పేరయ్య, మాదిగ కులస్థుడు, అంతకుముందు రాజయోగమును అభ్యసించినవాడు. చేరినవారికి పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చూచుటకు ఇవి బాహ్యాచారములు. హార్నాకు తూకమున పొట్టు. కాని ఆనాటి పల్లెలో మాదిగ ఆదివారము పనికి రాననుట ఆసామికి ఎదురుతిరుగుట. చచ్చిన గొడ్డును తిననని చెప్పుట తనకు ఊరు నిర్ణయించిన స్థానమును నిరాకరించుట. దానికై వారు దెబ్బలు తినిరి. 1876–78 కరవులో క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని వారికి కూలి కల్పించెను. కూటికై వచ్చిరను నింద రాకుండ ఆ కాలమున బాప్తిస్మము నాపెను. కరవు పనులు ముగిసిన పిదప 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ చరిత్రను వ్రాసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొర భార్య. 1907లో క్రైస్తవమునకు సాంఘికన్యాయమే ప్రాణమని అమెరికాలో చాటిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు.

కనుక చౌదరిగారి కీర్తనములను, జాషువగారి కావ్యమును ముందిడుకొని కూర్చున్న అధ్యాపకుడు గుండ్లకమ్మ ఒడ్డును మరువరాదు. కీర్తనములోని "రక్షణ" అను మాట ఆత్మసంబంధమని పండితుడు చెప్పవచ్చును. ఊరి బయటనుండి ఆ కీర్తనమును పాడినవానికి అది ఆసామి కొరడానుండి, కరవునుండి, చచ్చిన గొడ్డునుండి కూడ రక్షణ. జాషువ ఆ ఊరి బయటి బాధను ఎరిగిన కవి. చౌదరిగారి రక్షకుడును, జాషువగారి దీనబంధువును అచ్చట ఒక్కరే యయిరా, లేక పాడినవారు తమకు కావలసిన యర్థమును పాటలో పోసికొనిరా అనునది వేదాంతగ్రంథములవలన తేలదు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు మండలముల పల్లెలలో ఆ పాటలను ఇంకను పాడుచున్న వృద్ధులను అడిగి, వారు ఏ చరణమును విడిచిరో, ఏ చరణమును రెండుమార్లు పాడుదురో వ్రాసికొన్నచో తేలవచ్చును.